చిట్యాలకు చేరవలసిన మాట

మా తమ్ముడు ఓడలో పనిచేస్తాడని చెబితే జనగామలో ఎవరూ నమ్మేవారు కాదు. నా టైలరింగ్ షాపుకు జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్లు, "మీది నెల్లికుదురు దిక్కు గద, ఆడ సముద్రమెక్కడిది?" అని నవ్వేవారు. నాకు ముక్కు మీదే కోపం. మిషన్ తొక్కడం ఆపి, సముద్రం లేని ఊరివాళ్లు ఓడ ఎక్కకూడదని ఎక్కడైనా రాసి ఉందా అని అడిగేదాన్ని. వాళ్లు ఇంకా నవ్వేవారు. నిజానికి మాకూ అది వింతగానే ఉండేది. మా ఇంట్లో ఈత వచ్చినవాడు కూడా లేడు, వాడితో సహా.

వాడు ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకుని, కొన్నాళ్లు భూపాలపల్లిలో కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేశాడు. బొగ్గు గని కార్మికుల క్వార్టర్ల వెనక ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. అక్కడే ఎవరో చెప్పారట, ఓడల్లో కూడా వెల్డర్లు కావాలని. ముంబయి పోయి ఏదో ట్రైనింగ్ తీసుకున్నాడు. ఆరు నెలలు తిరక్కుండా ఓడ ఎక్కాడు. అమ్మ మనసులో ఓడ అంటే గోదావరి దాటించే పడవ లాంటిదే. లంగరు గొలుసు పక్కన నిలబడి వాడు పంపిన ఫోటోలో ఒక్కొక్క లంకె వాడి నడుము దాకా ఉండేసరికి, ఇంత ఇనుము నీళ్ల మీద ఎట్లా నిలుస్తుందని అమ్మకు కొత్త దిగులు పట్టుకుంది. అప్పటి నుంచి ఆ ఫోటో వద్దన్నా అందరికీ చూపించేది.

ఓడలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్ వాళ్లు, ఉత్తరాది వాళ్లు. మొదటి వారం తమ్ముడు వంటగది దగ్గర పళ్లెం పట్టుకుని నిలబడి, ఎవరికీ అర్థం కాదులే అనుకుని, "గీ కూరల ఉప్పుగిట్ల ఏమన్న ఏసిండ్రా" అని తనలో తాను గొణుక్కున్నాడట. గరిటె పట్టుకున్నవాడు తలెత్తి, "ఏసిన తమ్మీ, నీ నాలికకే తెలుస్తలేదు" అన్నాడట. అతనిది పరకాల అవతలి చిట్యాల. భూపాలపల్లిలో తమ్ముడు ఉన్నన్నాళ్లూ, అతని ఊరు మీదుగా ఎన్నోసార్లు బస్సులో పోయినవాడే. ఆ రోజు నుంచి వాడి ఫోన్లలో చిట్యాల అన్న ఊసు రాకుండా ఒక్కటి లేదు. కోస్తా వైపు ఆఫీసరు ఒకాయన వీళ్లిద్దరి మాట విని, సినిమాలో విన్నట్టుందని నవ్వితే, చిట్యాల అన్న ఆ పూట ఆయన పప్పులో కారం రెండింతలు వేశాడని చెప్పి వాడు ఫోన్లో పడీ పడీ నవ్వాడు. ఇంత మంచి తోడు దొరికిందని మేమూ నిశ్చింతగా ఉన్నాం.

ఆ ఓడను సముద్రపు దొంగలు పట్టుకున్నారన్న కబురు నాకు షాపులో ఉండగానే తెలిసింది. ముంబయి నుంచి ఏజెంటు అమ్మకు ఫోన్ చేసి హిందీలో చెప్పాడు. అమ్మకు హిందీ రాదు. మేం ఖాలా అని పిలిచే వెనకింటి ముస్లిం ఆవిడను పిలిచి ఫోన్ ఇచ్చింది. ఖాలా విని, నాకు ఫోన్ చేసింది. సోమాలియా పక్కన ఎక్కడో చిన్న పడవల మీద తుపాకులతో వచ్చి, నిచ్చెనలు వేసి ఎక్కారని, అందరూ బతికే ఉన్నారని, కంపెనీ ఆ దొంగలతో మాట్లాడుతోందని. చేతిలో ఉన్న జాకెట్టు ఎవరిదో కూడా గుర్తులేదు. షట్టర్ దించి, అమ్మ దగ్గరికి పోవడానికి తొర్రూరు బస్సు ఎక్కాను.

తరువాత వచ్చిన నెలలు ఎట్లా గడిచాయో చెప్పడం కష్టం. అప్పుడప్పుడు దొంగలే ఓడలోవాళ్ల చేత ఇళ్లకు ఫోన్లు చేయించేవారు, ఇంటివాళ్లు ఏడిస్తే కంపెనీ తొందరపడుతుందని. వాడు రెండు మాటలు మాట్లాడేవాడు. మంచినీళ్లు రంగు మారాయని ఒకసారి, అందరినీ ఒకే గదిలో పెట్టారని ఒకసారి. మేము చేయగలిగింది ఏమీ లేదు. చేయగలిగింది లేనప్పుడు మా వైపు మనుషులు ఒకటి చేస్తారు, మొక్కుతారు. పెద్దమ్మ మల్లన్నకు రంగుల ముగ్గుల పట్నం వేయిస్తానని మొక్కింది. ఖాలా దర్గాలో చాదర్ కప్పుతానని మొక్కింది. మిరపకాయలు ఏరడానికి వచ్చే కూలీలు కూడా తలా ఒక దేవుడికి చెప్పుకున్నారు. వాడు తిరిగి వస్తే ఊళ్లో అందరి దేవుళ్ల దగ్గరికీ తిప్పడానికే ఒక ఏడాది పడుతుందని నేనంటే, ఏడుస్తున్న అమ్మ కూడా నవ్వింది.

అమ్మ మాత్రం అప్పటికి ఏమీ మొక్కలేదు. ఆమె మొక్కింది ఆ తరువాత, ఒక మధ్యాహ్నం.

ఆ రోజు ఏజెంటు మళ్లీ ఫోన్ చేశాడు. ఓడలో ఉన్న ఇద్దరు తెలుగు పిల్లల్లో ఒకరు జ్వరంతో చనిపోయారని తెలిసింది, ఎవరో ఇంకా రూఢి కాలేదు, సాయంత్రానికి చెబుతాం అన్నాడు. ఆ కోస్తా ఆఫీసరు దొంగలు ఓడను పట్టుకోకముందే దిగిపోయాడు. మిగిలింది ఇద్దరే. మా వాడు లేదా చిట్యాల అన్న. ఇదే ఫోన్ చిట్యాలకు కూడా పోయి ఉంటుంది. అమ్మ లేచి, ముఖం కడుక్కుని, పసుపు నీళ్లు చల్లుకుని, వాకిట్లో మేడారం దిక్కుగా తిరిగి నిలబడింది. "తల్లీ సమ్మక్కా, నా కొడుకు గాకపోతే చాలు. నా కొడుకు గాకపోతే నిలువెత్తు బంగారం జోకిచ్చి నీ గద్దె కాడికి తెస్త" అంది. మా వైపు ఆ తల్లులకిచ్చే బెల్లాన్ని బంగారమే అంటారు. మనిషిని కాంటాలో కూర్చోబెట్టి, ఆ మనిషి ఎత్తు బెల్లం తూచి జాతరకు తీసుకుపోతారు.

సాయంత్రం ఫోన్ వచ్చింది. చనిపోయింది చిట్యాల అబ్బాయి.

ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మా ఇంట్లో అందరం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం, సంతోషంతో. ఎవరో చక్కెర తెచ్చి నోట్లో పోశారు. నేనూ తిన్నాను. అదే గంటకు చిట్యాలలో ఏం జరుగుతూ ఉంటుందన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. వచ్చి ఉంటే అమ్మకే వచ్చి ఉండాలి. ఎందుకంటే అందరూ వెళ్లిపోయాక ఆమె ఒక్కతే గోడకు చేరగిలి కూర్చుండిపోయింది. అలసిపోయిందనుకున్నాను.

ఇంకొన్ని నెలలకు కంపెనీకి, దొంగలకు ఏదో కుదిరింది. ఓడను వదిలారు. ముంబయిలో దిగి, రైల్లో మహబూబాబాద్ వచ్చిన తమ్ముణ్ణి స్టేషన్లో నేను గుర్తుపట్టలేదు. గడ్డం, ఎండిపోయిన మెడ, ఎవరిదో పెద్ద చొక్కా. వాడే వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంటికి పోయే దారిలో ఆటోలో వాడు అన్న మొదటి మాట ఇదే. "అక్కా, నేను చిట్యాల పోవాలె. అన్న వాళ్లమ్మకు చెప్పుమని ఒక మాట చెప్పిండు." రేపే పోదాం అన్నాను. చిట్యాల అన్న శరీరాన్ని సముద్రంలోనే వదిలారు. ఆ ఇంటికి చేరగలిగింది ఏదైనా ఉంటే అది వాడి నోట్లోని ఆ మాట ఒక్కటే. అది నాకు అప్పుడే అర్థమైంది. ఇంట్లో మిగతావాళ్లకు కూడా అర్థమవుతుందనుకున్నాను.

ఆ రాత్రి అన్నం తింటూ వాడు మళ్లీ అదే ఎత్తాడు. చిట్యాల అన్న పోయే ముందు అని మొదలుపెట్టగానే అమ్మ వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. మొక్కు తీరేదాకా ఆ మాట ఇంట్లో ఎత్తకూడదంది. మొక్కు మీద ఉన్నవాడు చావు జరిగిన ఇంటికి పోకూడదు, ఆ మైల తగలకూడదు, తగిలితే తల్లికి కోపం వస్తుంది. జాతర ఎప్పుడని వాడు అడిగాడు. రెండేళ్లకొకసారి వచ్చే జాతర, ఇంకా దాదాపు ఏడాది ఉంది.

ఈ నియమం ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. మా నాయనమ్మ ఎప్పుడూ చెప్పగా వినలేదు. జాతర దాకా ఆగనవసరం లేదని, ఏ బుధవారం పోయినా గద్దెల దగ్గర మొక్కు చెల్లించుకోవచ్చని, జనం ఏడాది పొడుగునా పోతూనే ఉంటారని అమ్మతో వాదించాను. ఖాలా అయితే వాడు వచ్చిన వారంలోనే దర్గాకు పోయి చాదర్ కప్పి వచ్చేసింది, చడీ చప్పుడు లేకుండా. ఆ మాటా అన్నాను. అమ్మ ఒకటే పట్టు. తల్లి గద్దె మీదికి వచ్చేది జాతరలోనే, గద్దె కాడికి తెస్తానని మొక్కింది కాబట్టి తల్లి అక్కడ ఉండగానే తేవాలి. "నువ్వు మొక్కలే. నేను మొక్కిన" అంది. జనగామలో షాపు, నా పిల్లల బడి. మర్నాడు బస్సెక్కి వచ్చేశాను.

ఫోన్లో చెప్పమని తమ్ముడికి నేనే సలహా ఇచ్చాను. అది ఫోన్లో చెప్పే మాట కాదన్నాడు.

తరువాత వానాకాలంలో ఒకసారి చిట్యాల అన్న తండ్రి తనే నెల్లికుదురు వచ్చాడు. నేను అప్పుడు అక్కడ లేను. ఈ సంగతి అమ్మే నాకు ఫోన్లో చెప్పింది, అదీ మెచ్చుకుంటూ. తమ్ముడు ఆ పూట మహబూబాబాద్ దవాఖానకు పోయాడు, ఓడ నీళ్లతో వచ్చిన కడుపు నొప్పి వాణ్ణి ఇంకా వదల్లేదు. ఆ పెద్దమనిషి మూడు బస్సులు మారి వచ్చి, తలమీది కండువా తీసి తుడుచుకుని అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ చాయ్ ఇచ్చింది. వాడు ఎప్పుడు వస్తాడని ఆయన అడిగితే, అమ్మ మొక్కు సంగతి చెప్పి, అది తీరేదాకా వాడు వాళ్లను కలవకూడదంది. జాతర అయిన మర్నాడే తనే కొడుకును చిట్యాల పంపిస్తానంది. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. "మొక్కంటె మొక్కే గద చెల్లె. తీరినంకనే రమ్మను. నా కొడుకెట్లాగు రాడు" అన్నాడు. చూశావా, ఎంత మంచి మనిషో, మారు మాట లేకుండా పోయాడు అంది అమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. బతుకంతా నోరు పారేసుకున్నదాన్నే గాని, అమ్మను అంతగా ఎప్పుడూ తిట్టలేదు. కొడుకు ఎట్లా పోయాడో వినడానికి అంత దూరం వచ్చిన మనిషిని చాయ్ తాగించి పంపడం ఏం మొక్కు అని అడిగాను. అమ్మ మెల్లగా అంది. "ఆ దినం నేను నా కొడుకు గాకపోతే చాలన్న. ఇంకెవరు? ఇద్దరే ఉండె గద. నేను వాళ్ల కొడుకును సూపిచ్చినట్టే గద."

అప్పుడు తెలిసింది నాకు ఆమె భయం. తన మొక్కు వెళ్లి ఆ ఇంటి మీద పడిందని ఆమె నమ్మింది. తల్లికి ఇవ్వవలసింది ఇచ్చేదాకా ఆ ఇంటివాళ్ల ముఖం తన కొడుకు చూస్తే, ఇచ్చిన ప్రాణం మళ్లీ వెనక్కు పోతుందని. జ్వరానికీ మొక్కుకూ సంబంధం లేదని, అతను మొక్కుకు నాలుగు రోజుల ముందే పోయి ఉంటాడని చెప్పాను. వింది. విన్నా ఆమె భయం భయంగానే ఉండిపోయింది. భయపడిన మనిషిని ఎంతని తిడతాం.

తమ్ముడు ఒక్కసారి ఎదురు తిరిగాడు. ఆయన వచ్చి పోయాడని తెలిసిన రోజు చెప్పులేసుకుని బయలుదేరాడు. తొర్రూరు బస్టాండులో వరంగల్ బస్సు కోసం నిలబడి ఉండగా పెద్దమ్మ ఫోన్ చేసింది, మీ అమ్మ గడపలో కూర్చుంది, నీళ్లు కూడా ముట్టనంటోంది అని. అమ్మకు షుగరు. వాడు వెనక్కు వచ్చేశాడు. తను ఓడలో చిక్కుకున్నన్నాళ్లూ తన కోసం ఏడ్చిన మనిషని వాడికి తెలుసు. ఆ తరువాత మళ్లీ అడగలేదు. మొదట్లో సముద్రం గురించి, ఆ గది గురించి ఏదో ఒకటి చెప్పబోయి ఆగిపోయేవాడు. రాను రాను చెప్పబోవడం కూడా మానేశాడు. నేను జనగామ నుంచి వెళ్లినప్పుడు పక్కన కూర్చుని, పొలం సంగతులు, వడ్ల కాంటాల సంగతులు మాట్లాడేవాడు. మెరుగవుతున్నాడని అందరూ అనేవారు.

జాతర వచ్చింది. బయలుదేరే ముందు రోజు మా వాకిట్లో వడ్ల బస్తాలు తూచే పెద్ద కాంటా కట్టారు. డప్పులు తెప్పించారు. ఊరంతా వచ్చింది. వాణ్ణి పసుపు బట్టలతో ఒక వైపు కూర్చోబెట్టి, రెండో వైపు బెల్లం ముద్దలు పెడుతుంటే అమ్మ ముఖం వెలిగిపోయింది. ఏడాదిగా బుగ్గలు పూడినవాడు బాగా బరువు తూగాడు. బెల్లం చాలక కిరాణా కొట్టుకు మళ్లీ మనిషిని పంపారు. జనం నవ్వారు, వాడు కూడా నవ్వాడు. కాంటా సమానమై వాడి కాళ్లు నేల విడిచినప్పుడు, నేను దగ్గరలో ఉండటం చూసి, "గిదైపోతె పోవచ్చు గద అక్కా" అన్నాడు. పోదామన్నాను.

జాతర నుంచి వచ్చిన రెండో రోజు ఇద్దరం చిట్యాల పోయాం. అమ్మ బెల్లం ప్రసాదం మూట కట్టి ఇచ్చింది. పరకాల దాటాక తమ్ముడు కిటికీ వైపు తిరిగి పెదాలు కదుపుతున్నాడు. ఏం గొణుగుతున్నావంటే, ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకుంటున్నానన్నాడు. ఏడాది పైగా దాచిన మాట. ఒక్క ముక్క కూడా పోకుండా అన్న వాళ్లమ్మకు ఇవ్వాలని వాడి తాపత్రయం.

పత్తి చేన్ల పక్కన రేకుల ఇల్లు. చిట్యాల అన్న తండ్రి వాకిట్లో గేదెకు గడ్డి వేస్తున్నాడు. మమ్మల్ని చూసి చేతిలో గడ్డి అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు. మేము ఎవరమో చెప్పగానే ఆయన ముఖంలో సంతోషం కాదు, కంగారు కనిపించింది. గబగబా మా వైపు నడిచాడు. ఏదో చెప్పబోయాడు. ఇంతలో లోపలి నుంచి అన్న తల్లి వచ్చింది. సన్నటి మనిషి, కొంగు నెత్తిన కప్పుకుని ఉంది. తమ్ముడి ముందుకు వచ్చి, వాడి రెండు చేతులూ పట్టుకుని, తిప్పి అరచేతులు చూసింది.

"గీ చేతులతోనేనా బిడ్డా, నా కొడుకుకు తినవెట్టింది?"

తమ్ముడికి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆమె వాణ్ణి కూర్చోబెట్టి, తన కళ్లు తుడుచుకుంటూ తనే చెప్పుకుపోయింది. మీరు నెల్లికుదురులో మా ఆయనకు చెప్పినవన్నీ ఆయన వచ్చి చెప్పాడంది. ఆ ఆఖరు రోజు కొడుకుకు నోరు చేదుగా ఉండి పచ్చిపులుసు కావాలని అడిగాడట. ఓడలో ఉన్న చింతపండు పిసికి తమ్ముడే చేశాడట, అన్నంలో కలిపి ముద్దలు పెట్టాడట. కడుపు నిండా తిని, తమ్ముడి ఒళ్లో తలపెట్టుకుని, అవ్వను పైలంగా ఉండమని చెప్పు అని నిద్రపోయాడట. ఆ నిద్రలోనే పోయాడట. నొప్పి లేకుండా, ఒంటరిగా కాకుండా. అందుకే తను బతికి ఉందంది. లేకపోతే ఆ నీళ్లలో ఎట్లా పోయాడోనని పిచ్చిదాన్నయ్యేదాన్నంది.

తమ్ముడు ఆ పెద్దాయన వైపు చూశాడు. ఆయన గడప దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు.

"గంతేనా బిడ్డా? నిద్రల్నేనా?" అంది ఆమె.

వాడు తన అరచేతులు చూసుకున్నాడు. "అవునవ్వా" అన్నాడు. "నిద్రల్నే."

ఆమె లోపలికి పోయి అన్నం, పచ్చిపులుసు తెచ్చింది. పొద్దున్నే చేసిందట, ఇప్పుడు రోజూ చేస్తుందట. కలిపి, ముద్ద చేసి, వాడి నోటికి అందించింది. ముప్పై ఏళ్ల నా తమ్ముడు నోరు తెరిచాడు. నేను లేచి పోయి గేదె దగ్గర నిలబడ్డాను. చూస్తూ ఉండలేకపోయాను.

తండ్రి మమ్మల్ని రోడ్డు దాకా సాగనంపడానికి వచ్చాడు. ఇల్లు కనబడనంత దూరం వచ్చాక ఆగాడు. ఆ రోజు నెల్లికుదురు నుంచి వచ్చేటప్పుడు ఆమె రోడ్డు మీదే ఎదురుచూస్తోందట. ఏమన్నాడు, ఎట్లా పోయాడు అని చెయ్యి పట్టుకుని అడిగిందట. ఇంకో ఆర్నెల్లు ఆగమని చెప్పే ధైర్యం తనకు లేకపోయిందన్నాడు. "ఒట్టి చేతుల ఎట్ల వస్త బిడ్డా? ఏదో ఒకటి చెప్పాలె గద. నోటికి వచ్చింది చెప్పిన. మీ మొక్కుది తప్పుగాదు, నేనే జర ఆగలేకపోయిన." మేమే ఆయన కాళ్లు పట్టుకోవలసింది. ఆయనే మమ్మల్ని క్షమించమని అడుగుతున్నట్టు చేతులు జోడించాడు.

తమ్ముడు ఆయన చేతులు దించాడు. "నీకన్న చెప్తనే బాపూ" అన్నాడు. ఆ గొంతులో ఎంత ఆశ ఉందో నేను విన్నాను. ఒక్కరైనా వినేవాళ్లు ఉన్నారన్న ఆశ. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"వద్దు బిడ్డా. చెప్పంగ చెప్పంగ నేను గూడ గదే నమ్మిన. నాకు గూడ గదే ఉండనీ."

బస్సులో వాడు నా పక్కన కూర్చున్నాడు. పరకాల దాటాక, ముందు సీటు కమ్మీ పట్టుకుని, నా వైపు చూడకుండా చెప్పాడు. "నేను అన్నను ముట్టనన్న ముట్టలేదక్కా. జ్వరం అందరికి అంటుతదని వేరే రూముల వేసి తాళమేసిండ్రు. నేను తలుపుకు ఇవతల కూసున్న. దూపయితుందని నీళ్లు అడుగుతుండె. నేను గూడ అడిగిన వాళ్లను. తుపాకి సూపిచ్చిండ్రు. ఆఖరుకు అడుగుడు బందైంది." అంతే చెప్పాడు. మరి వాళ్లమ్మకు చెప్పమన్న మాట ఏమిటని అడిగాను. అది ఆమెది కదా అక్కా, ఆమెకు ఇవ్వకుండా నీకెట్లా చెబుతాను అన్నాడు. అడిగినందుకు నాకు సిగ్గేసింది.

ఇంటికి చేరేసరికి అమ్మ చుట్టుపక్కల ఇళ్లకు పంచడానికి బెల్లం పొట్లాలు కడుతోంది. చెప్పి వచ్చావా అని అడిగింది. చెప్పానన్నాడు. ఆమె లేచి మేడారం దిక్కుగా తిరిగి దండం పెట్టింది. "ఇగ నా కొడుకు మీద ఎవ్వరి ఉసురు లేదు" అంది. ఏడాది తరువాత మొదటిసారి కడుపారా భోజనం చేసింది. జరిగింది ఆమెకు నేను ఇంతవరకూ చెప్పలేదు. చెబితే ఆమె తట్టుకోలేదు, చెప్పకపోతే నేను తట్టుకోలేకపోతున్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని కోపం నాలో అట్లాగే ఉండిపోయింది.

తమ్ముడు మళ్లీ ఓడ ఎక్కలేదు. భూపాలపల్లిలోనే పాత కాంట్రాక్టరు దగ్గర వెల్డింగుకు పోతున్నాడు. సెలవు రోజున బండి మీద చిట్యాల పోతాడు. ఆమె అన్నం పెడుతుంది. ప్రతిసారీ కొత్తగా ఏదో ఒకటి అడుగుతుంది. చలికి దుప్పటి కప్పావా, జుట్టు దువ్వావా, నిద్రలో పలవరించాడా అని. వాడు తను ఎన్నడూ అడుగుపెట్టని ఆ గదిలోని సంగతులు ఒక్కొక్కటే కల్పించి చెబుతాడు. ఆమె కాస్త తేరుకున్నట్టే ఉంది. మొన్న జనగామ వచ్చినప్పుడు, ఇప్పుడు చెబితే ఏం, ఎప్పటికైనా ఆమెకు నిజం ఇవ్వాలి కదా అని నేనన్నాను. వాడు నా షాపులో నేలమీద పడిన గుడ్డ ముక్కలు ఏరుతూ తల ఎత్తకుండానే అన్నాడు.

"ఎట్ల చెప్తనక్కా? చెప్తే ఆమె కొడుకు మళ్లొకసారి సస్తడు. ఈసారి దూప తోటి సస్తడు."